పేర్లు మూడు, పాన్ ఒక్కటి

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ రాత్రిళ్లు ఎలక్ట్రానిక్ సంగీతం చేస్తుంటాను. టెక్నో (లయ ప్రధానమైన నృత్య సంగీతం) ఒక పేరుతో, ఆంబియంట్ (నెమ్మదిగా సాగే నేపథ్య సంగీతం) మరో పేరుతో, డప్పు శబ్దాలతో చేసే ప్రయోగాలు మూడో పేరుతో విడుదల చేస్తున్నాను. నాకు 34 ఏళ్లు. నిరుడు మూడు పేర్ల మీద కలిపి సుమారు 6 లక్షల 40 వేల రూపాయలు వచ్చాయి. ఇన్నాళ్లూ ఐటీఆర్-1 రిటర్నే వేస్తున్నాను. వచ్చినదాంట్లో సగమే లాభంగా చూపితే చాలని మిత్రులు అంటున్నారు. నా ఒప్పందాలు, రాయల్టీ స్టేట్‌మెంట్ జతచేశాను. మూడింటికీ వేర్వేరు ఖాతాలు తెరవాలా? పన్ను వేర్వేరుగా లెక్కించాలా? మూడో పేరు సంగతి నా భార్యకు కూడా తెలియదు.

సమాధానం: మారుపేరు పెట్టుకోవడంలో తప్పేమీ లేదు. శ్రీరంగం శ్రీనివాసరావు గారిని శ్రీశ్రీగా, భాగవతుల సదాశివ శంకరశాస్త్రి గారిని ఆరుద్రగా గుండెలకు హత్తుకున్న భాష మనది. మీ రంగంలోనే బ్రిటన్‌కు చెందిన రిచర్డ్ డి. జేమ్స్ ఏఫెక్స్ ట్విన్‌తో పాటు ఏఎఫ్ఎక్స్, పాలిగాన్ విండో, కాస్టిక్ విండో అన్న పేర్లతోనూ రికార్డులు తెచ్చారు. కాబట్టి ఏ పేరునూ వదులుకోమని నేను చెప్పను. అయితే ఆదాయపు పన్ను శాఖకు మీరు ముగ్గురు కారు, ఒక్కరే. రెండో పాన్ ఉంచుకుంటే 10,000 రూపాయల జరిమానా ఉంది. మీ పాటలను స్పాటిఫై వంటి యాప్‌లకు చేర్చి డబ్బు వసూలు చేసి పెట్టే డిస్ట్రిబ్యూటర్ దగ్గర కళాకారుడి పేరు ఏదైనా కావచ్చు గాని, డబ్బు అందుకునే వ్యక్తిగా మూడింటిలోనూ పాన్ కార్డు మీది పేరే ఉండాలి. జీతం పడే ఖాతా కాకుండా సంగీతం డబ్బుకు మీ అసలు పేరు మీద ఇంకొక ఖాతా ఉంటే చాలు, మూడు అక్కరలేదు. ఏ పేరు మీద ఎంత వచ్చిందో ఎక్సెల్ షీట్‌లో ఒక గడి చూసుకుంటుంది. డిస్ట్రిబ్యూటర్ అమెరికా సంస్థ అయితే అమెరికా పన్ను కోసం విదేశీయులు ఇచ్చే డబ్ల్యూ-8బెన్ ఫారం కూడా అసలు పేరుతోనే, పాన్ నంబరుతో ఇవ్వండి. అది ఇవ్వనివారికి అమెరికా నుంచి వచ్చే రాయల్టీలో 30 శాతం కోత పడుతుంది. ఇచ్చినవారికి రెండు దేశాల ఒప్పందం ప్రకారం 15 శాతమే, అదీ ఇక్కడ కట్టే పన్నులో సర్దుబాటు చేసుకోవచ్చు.

ఇన్నాళ్లూ మీరు ఐటీఆర్-1 దాఖలు చేస్తున్నానని రాశారు. వృత్తి ఆదాయమైన ఇది దానిలో పట్టదు, ఐటీఆర్-3 వేయాలి. వచ్చినదాంట్లో సగమే లాభంగా చూపితే చాలని మిత్రులు చెప్పిన పద్ధతి ప్రభుత్వం నోటిఫై చేసిన వృత్తులకే వర్తిస్తుంది. సినిమా నిర్మాణంలో పనిచేసే సంగీత దర్శకులు, గాయకులు ఆ జాబితాలో ఉన్నారు గాని, సొంతంగా ట్రాకులు విడుదల చేసేవారు లేరు. అందువల్ల సింథసైజర్, సంగీత సాఫ్ట్‌వేర్ ప్లగిన్లు, స్టూడియో అద్దె బిల్లులు భద్రపరచి నిజమైన ఖర్చులు చూపడమే మీకు క్షేమం. టీడీఎస్ పోను కట్టవలసిన పన్ను 10,000 రూపాయలు లేదా అంతకు మించి ఉంటే ముందస్తు పన్ను వాయిదాలు జూన్ 15 నుంచే మొదలవుతాయి. జీఎస్‌టీకి సేవల పరిమితి 20 లక్షలు, అదీ మూడు పేర్లూ కలిపి. మీరింకా దూరంలోనే ఉన్నారు. జానపద, శాస్త్రీయ కళా ప్రదర్శనలకు ఒక్కోదానికి లక్షన్నర వరకు జీఎస్‌టీ మినహాయింపు ఉన్న మాట నిజమే గాని, డప్పు శబ్దం వాడినంత మాత్రాన ఇందిరానగర్ క్లబ్బులో మీరు వాయించే సెట్ జానపద ప్రదర్శన కాబోదు.

పన్ను కంటే నన్ను ఎక్కువగా కలవరపెట్టినవి మీరు పంపిన రెండు కాగితాలు. మొదటిది మీ ఉద్యోగ ఒప్పందం. అందులో ఇతర సంపాదనకు ముందస్తు అనుమతి కావాలన్న షరతు ఉంది. పేరు మారిస్తే సంస్థకు తెలియదనుకోకండి, అడిగి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. రెండోది టెక్నో పేరు మీద ఒక విదేశీ లేబుల్‌తో, అంటే రికార్డు కంపెనీతో, చేసుకున్న ఒప్పందం. ఆ లేబుల్‌కు ఇచ్చిన ప్రత్యేక హక్కు ఆ పేరుకు పరిమితమని మీరు అనుకుంటున్నారు. కాని నాలుగో పేజీలో రాసింది ‘కళాకారుడు ఏ పేరుతో చేసినా’ అని. అంటే డప్పు ట్రాకులు కూడా ఆ లేబుల్ చేతిలోకి వెళ్లినట్టే. తరువాతి ఆల్బమ్ ఇచ్చేలోపు ఆ ఒక్క వాక్యాన్ని మార్పించండి, న్యాయవాది ఫీజు ఎంతైనా సరే.

మీరు పంపిన రాయల్టీ స్టేట్‌మెంట్‌లో ఒక వరుస దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఆంబియంట్ పేరు మీది ఒక ట్రాక్‌ను స్పాటిఫైలో ఏడాదిలో 930 సార్లు విన్నారు, ఎదురుగా ఆదాయం సున్నా. 2024 నుంచి గడిచిన 12 నెలల్లో 1,000 సార్లు వినబడని ట్రాక్‌కు అక్కడ రాయల్టీ లేదు. శ్రోతలు మూడు పేర్లకూ చీలిపోతే ఇలా గట్టుకు చేరబోయి ఆగిపోయే ట్రాకులు పెరుగుతాయి. ఇష్టం మీద మూడు పేర్లు ఉంచుకోండి. నాలుగోది మాత్రం పెట్టే ముందు ఈ లెక్క చూసుకోండి.

ఇక మీ భార్య విషయం. మన కాపీరైట్ చట్టం ప్రకారం సంగీత రచనకు రచయిత మరణించాక 60 ఏళ్ల హక్కు ఉంటుంది. మారుపేరుతో వెలువడి, రచయిత ఎవరో వెల్లడి కాని రచనకు మాత్రం ప్రచురణ నుంచి 60 ఏళ్లే. మీరు 80 ఏళ్లు బతికారనుకుంటే, ఈ ఏడాది విడుదల చేసిన రచన మీద మీ వాళ్లకు ఆ తరువాత మిగిలేది 14 ఏళ్లు. అసలు పేరు వెల్లడైతే 60 ఏళ్లు. ఆ వెల్లడి మీరూ ప్రచురణకర్తా బహిరంగంగా చేసినది కావాలి, లేదా చట్టం చెప్పిన వాణిజ్య కోర్టు ముందు మీరే నిరూపించినది కావాలి. బీరువాలో పెట్టిన కాగితం ఆ పనికి చాలదు. శ్రోతలకు ఇప్పుడే చెప్పమని నేననను. అది ఎప్పుడు చేయాలో మీరు నిర్ణయించుకోవచ్చు, కాని మీరు ఉండగా జరగాలి.

ఈలోగా సంగీత రచయితల తరఫున రాయల్టీలు వసూలు చేసే ఐపీఆర్‌ఎస్ సంస్థలో అసలు పేరుతో సభ్యులై, మూడు మారుపేర్లనూ మీ ఖాతా కింద నమోదు చేయించండి. హక్కుదారులకు నంబర్లిచ్చి గుర్తించే అంతర్జాతీయ ఐపీఐ వ్యవస్థలో ఒకే మనిషి కింద అనేక పేర్లు ఉండే వీలుంది. వీలునామాలో సంగీత హక్కులను విడిగా పేర్కొనండి, ఎందుకంటే బ్యాంకు ఖాతాకు రాసిన నామినేషన్ కాపీరైట్‌కు పనికిరాదు. తరువాత ఒక తెల్లకాగితం మీద ఏ పేరు కింద ఏ ట్రాకులు ఉన్నాయో, ఏ డిస్ట్రిబ్యూటర్ దగ్గర ఏ ఈమెయిల్‌తో ఖాతా ఉందో, ఏ లేబుల్‌తో ఏ తేదీన ఒప్పందమైందో మీ చేత్తో రాయండి. ఇంట్లో ఎల్ఐసీ బాండ్లు ఉన్న ఫైలులోనే దాన్ని పెట్టి, మూడో పేరుతో సహా ఆ కాగితాన్ని ఈ ఆదివారం మీ భార్య పక్కన కూర్చుని ఒకసారి చదవండి.