అమెరికా మెడికల్ కాలేజీ వ్యాసం: చదివేవాళ్ళు ఏం వెతుకుతారు?

పర్లాకిమిడి నుంచి అడిగిన తండ్రిగారికి. మీ అమ్మాయి అమెరికాలో డిగ్రీ మూడో ఏడు, వచ్చే వేసవిలో ఎండీకి (అక్కడ డాక్టరు కావడానికి చదివే మొదటి వైద్య డిగ్రీ) అప్లై చేస్తుంది. మార్కులుండగా, డాక్టరు ఎందుకు కావాలనుకుంటున్నానో దరఖాస్తులో రాసే ఈ వ్యాసమెందుకు, దాన్ని ఎలా తూస్తారు, సెలవులకి వచ్చినప్పుడు బరంపురంలో మావయ్య క్లినిక్‌లో ఇంజెక్షన్లు కూడా చేసింది కాబట్టి అది రాస్తే బలమేనా అని అడిగారు.

చివరి ప్రశ్నతో మొదలుపెడతాను. అది బలం కాదు, పెద్ద దెబ్బ. శిక్షణ, లైసెన్సు లేని పిల్ల రోగికి సూది వేసిందంటే వ్యాసం చదివేవాళ్ళు దాన్ని చొరవ అనుకోరు. రోగి భద్రత గురించి ఈమెకి ఇంకా తెలియదు అని రాసుకుంటారు. అమెరికా దాటి వేరే దేశాలకి వెళ్ళి ఇలా చేయొద్దని అక్కడి మెడికల్ కాలేజీల సంఘం ఏఏఎంసీ మార్గదర్శకాలే ఇచ్చింది. ఇకమీదట చేయనివ్వకండి. ఇంటర్వ్యూలో ఎవరైనా అడిగితే మాత్రం దాచకుండా చెప్పాలి. వ్యాసానికి ఆ క్లినిక్‌లో ఇంకా మంచి సరుకుంది, దాని సంగతి కింద చెప్తాను.

మన దగ్గర నీట్ ర్యాంకు వస్తే బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీలో సీటు. డాక్టరు ఎందుకవుదామనుకున్నావని అడిగేవాళ్ళుండరు. అక్కడ జీపీఏ (డిగ్రీ మార్కుల సగటు), ఎంక్యాట్ ప్రవేశ పరీక్ష (472 నుంచి 528 మధ్య స్కోరు) మొదటి వడపోత మాత్రమే. ఆ తర్వాత ఫైలు మనుషుల చేతిలోకి వెళ్తుంది. ప్రొఫెసర్లు, ప్రాక్టీసులో ఉన్న డాక్టర్లు, అడ్మిషన్స్ సిబ్బంది, కొన్నిచోట్ల మెడికల్ విద్యార్థులు కూడా చదువుతారు. కొన్ని కాలేజీల్లో ఇద్దరు విడివిడిగా చదివి స్కోరు వేస్తారు, తేడా ఎక్కువొస్తే మూడో మనిషి చూస్తారు. ఇంగ్లీషు సొగసు చూసి పడే మార్కులు కావవి. మార్కులతో పాటు అనుభవం, స్వభావం కలిపి తూస్తారు. తక్కువ స్కోరుని వ్యాసం నిలబెట్టడం అరుదు, మంచి స్కోరుని ముంచేయడం మాత్రం తరచూ జరుగుతుంది.

"చిన్నప్పట్నుంచీ పేదలకి సేవ చేయాలని నా కల" అని రాస్తే చదివేవాళ్ళకి స్కోరు వేయడానికేమీ దొరకదు. అదే ఇలా ఉంటే చూడండి: చీటీ ఒడియాలో, మందు డబ్బా మీద ఇంగ్లీషు, ఆ పెద్దావిడకి వచ్చింది తెలుగొక్కటే. పొద్దుటి షుగరు మాత్ర, రాత్రి మాత్ర రెండూ ఒకేసారి మింగేస్తోంది. మావయ్యకి చెప్పి, కవర్ల మీద సూర్యుడు, చంద్రుడు బొమ్మలు గీసిచ్చాను. ఆయన చూసి, తిండికి ముందా తర్వాతా అన్నది ఏదీ అన్నారు. ఇందులో గమనించిన విషయముంది, తన హద్దులో తను చేసిన పనుంది, సరిపోలేదని తెలుసుకోవడముంది. ఈ మూడింటికీ స్కోరు వేయగలరు. అయితే ఆమె కళ్ళారా చూసిందే రాయాలి. రోగి పేరు, ఊరు, పోల్చుకోగలిగే వివరం ఏదీ రానివ్వకూడదు.

మన పిల్లల వ్యాసాల్లో నేను ఎక్కువగా చూసే లోపం ఇంకొకటి. తాతగారి జబ్బు, అమ్మానాన్నల కష్టం మూడొంతుల్లో రెండొంతులు ఆక్రమిస్తాయి. అవి నిజమే, గౌరవించాల్సినవే. కానీ సీటు అడుగుతున్నది అమ్మాయి. నాలుగైదు వాక్యాల్లో అవి ముగించి, ఆ తర్వాత ఆమె ఏం చేసిందన్నదానికి రావాలి.

కొలతలు: ఏఎంసీఏఎస్‌లో (ఏఏఎంసీ నడిపే ఉమ్మడి దరఖాస్తు) వ్యాసానికి ఖాళీలతో కలిపి 5300 క్యారెక్టర్లు. వర్డ్‌లోంచి తెచ్చి అతికిస్తే బోల్డు, వింత గుర్తులు చెడతాయి, మామూలు టెక్స్ట్‌లోనే రాయమనండి. ఒకే వ్యాసం అన్ని కాలేజీలకీ వెళ్తుంది కాబట్టి ఏ కాలేజీ పేరూ ఉండకూడదు. సబ్మిట్ చేశాక దిద్దడం కుదరదు. అదే దరఖాస్తులో ఆమె చేసిన పనుల జాబితా కూడా ఉంటుంది, అందులో 15 వరకు పెట్టొచ్చు, ఒక్కోదానికి 700 క్యారెక్టర్లు. ముఖ్యమైనవిగా ఎంచుకున్న మూడింటికి మరో 1325. ప్రతి పనికీ గంటలు, సంప్రదించాల్సిన మనిషి పేరు ఇవ్వాలి. వ్యాసంలో "రెండేళ్ళు" అని, జాబితాలో 40 గంటలు అని ఉంటే చదివేవాళ్ళకి వెంటనే కనబడుతుంది. మావయ్య సాక్ష్యానికి బరువు తక్కువ. అమెరికాలోనే చుట్టం కాని డాక్టరు దగ్గరో ఆసుపత్రిలోనో చేసిన పని కూడా ఉండాలి.

తర్వాత కాలేజీలు విడిగా సెకండరీ వ్యాసాలు పంపుతాయి. రెండు వారాల్లోపు పంపితే మంచిది, ఎందుకంటే చాలాచోట్ల వచ్చిన ఫైళ్ళు వచ్చినట్టు చదివి ఇంటర్వ్యూలు నింపేస్తారు. ఇక్కడ జరిగే ఘోరం, ఒక కాలేజీ జవాబుని ఇంకో కాలేజీకి అతికించి పాత పేరు అలాగే వదిలేయడం. మొత్తం తన రాతేనని ఆమె ధ్రువీకరించాలి, డబ్బు తీసుకుని రాసిపెట్టేవాళ్ళ జోలికి పోనివ్వొద్దు. వ్యాసంలోంచే ఇంటర్వ్యూలో ప్రశ్నలొస్తాయి.

ఇంకొకటి, అన్నిటికంటే ముందు చూడాల్సింది. ఆమె ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీదుంటే చాలా కాలేజీలు అసలు ఫైలే తెరవవు, తీసుకునేవాటిలో కొన్ని చదువుకయ్యే డబ్బు ముందే చూపించమంటాయి. ఏఏఎంసీవారు మెడికల్ కాలేజీల వివరాలు పెట్టే ఎంఎస్ఏఆర్‌లో ఒక్కో కాలేజీ విదేశీ విద్యార్థుల్ని తీసుకుంటుందో లేదో ఉంటుంది. ఆ జాబితా తయారయ్యాకే ఫీజులు కట్టండి.