రిటైరయ్యే ఆటగాడి కాంట్రాక్టుకు గిరాకీ ఎందుకు?

ప్రశ్న: అమెరికాలోని ఎన్‌బీఏ బాస్కెట్‌బాల్ లీగ్‌ను చాలా ఏళ్లుగా ఆసక్తిగా గమనిస్తున్నాను. ట్రేడ్‌ల, అంటే జట్ల మధ్య ఆటగాళ్ల మార్పిళ్ల, గడువు దగ్గరపడినప్పుడల్లా వ్యాఖ్యాతలు ఫలానా ఆటగాడు ఎలాగూ రిటైరవుతాడని, అతని కాంట్రాక్టు మాత్రం ట్రేడ్‌లో బాగా పనికొస్తుందని చెబుతుంటారు. ఇక ఆడడని తెలిసిన మనిషి కాంట్రాక్టును ఇంకో జట్టు ఎందుకు కోరి తీసుకుంటుంది? ఇందులో ఎవరికి లాభం?

జవాబు: ఈ వ్యవహారం బాస్కెట్‌బాల్ కోర్టులో కన్నా జట్టు ఖాతా పుస్తకంలోనే ఎక్కువగా నడుస్తుంది కనుక ముందు ఆ పుస్తకం తెరవాలి. ఎన్‌బీఏలో జట్టు మొత్తం జీతాలకు పెట్టిన పరిమితి, అంటే శాలరీ క్యాప్, 1984-85 సీజన్‌లో 36 లక్షల డాలర్లతో మొదలైంది. 2025-26 సీజన్‌కు అది దాదాపు 15.46 కోట్ల డాలర్లకు చేరింది. పేరుకు పరిమితే అయినా దీనికి దొడ్డిదారులు, రాచదారులు చాలా ఉన్నాయి. వాటిలో పెద్దది 'బర్డ్ హక్కు'. బోస్టన్ సెల్టిక్స్ ఆటగాడు లారీ బర్డ్ పేరుతో వాడుకలోకి వచ్చిన ఈ వెసులుబాటు ప్రకారం, జట్టు తన దగ్గరే ఉన్న ఆటగాడితో మళ్లీ ఒప్పందం కుదుర్చుకోవడానికి పరిమితిని దాటవచ్చు. అందుచేతనే టైటిల్‌పై కన్నేసిన జట్లలో చాలావరకు ఏటా పరిమితికి పైనే ఉంటాయి.

పరిమితి దాటిన జట్టు పెద్ద జీతం గల ఆటగాడిని బయటి నుంచి తెచ్చుకోవాలంటే దాదాపుగా ట్రేడ్ ఒక్కటే మార్గం. ఆ ట్రేడ్‌లో అటు వెళ్లే జీతాలూ ఇటు వచ్చే జీతాలూ ఇంచుమించు సరితూగాలి. 2008 నాటి నిబంధన ప్రకారం అటువంటి జట్టు తాను పంపే జీతాల మొత్తానికి 125 శాతం, దానిపైన మరో లక్ష డాలర్ల వరకు మాత్రమే తీసుకోవచ్చు. ఏడాదికి 2 కోట్ల డాలర్లు తీసుకునే మేటి ఆటగాడు కావాలనుకోండి; ఇటు నుంచి కనీసం 1.59 కోట్ల డాలర్ల జీతాలు కదలాలి. అవతలి జట్టు అడిగేదేమో 50 లక్షల డాలర్లు తీసుకుంటున్న ఒక కుర్రాడిని, ఒకటి రెండు డ్రాఫ్ట్ పిక్‌లను, అంటే లీగ్‌లోకి కొత్తగా వచ్చే ఆటగాళ్లను ఎంచుకునే వంతులను. పిక్‌లకు జీతాల లెక్కలో విలువ లేదు. మిగిలిన 1.09 కోట్లకు పనికొచ్చే ఆటగాళ్లనే తీసి తక్కెడలో వేస్తే, కొత్తగా వచ్చిన మేటి ఆటగాడి పక్కన ఆడడానికి ఎవరూ మిగలరు. అక్కడ కావలసింది పడికట్టు రాయి. రేపో మాపో ఆట మానేసే వ్యక్తి కాంట్రాక్టు సరిగ్గా ఆ రాయిగా పనికొస్తుంది, ఎందుకంటే దాన్ని పంపినందువల్ల పంపిన జట్టు ఆట ఏమాత్రం తగ్గదు.

తీసుకునే జట్టు ఆశ వేరు. దాని దగ్గర ఇంకా మూడు నాలుగేళ్లు నడిచే భారీ కాంట్రాక్టు ఉంటుంది. దానికి బదులు ఈ ఏడాదితో ముగిసిపోయేది చేతికి వస్తే, వచ్చే ఏడాది ఖాతా తేలికవుతుంది, జీతాలు ఒక గీత దాటితే లీగ్‌కు కట్టాల్సిన లగ్జరీ టాక్స్ కూడా తగ్గవచ్చు. అంతకు మించిన ఆశ ఒకటుంది. ఆటగాడు తనంతట తాను రిటైరైతే మిగిలిన జీతం వదులుకున్నట్టే, జట్టు పైసా కట్టనక్కర లేదు.

ఈ ఆశ ఎంతవరకు నెరవేరుతుందో చూడాలంటే 2009 జూన్ నాటి ట్రేడ్ గుర్తుచేసుకోవాలి. క్లీవ్‌లాండ్ కావలియర్స్ షకీల్ ఓనీల్‌ను తెచ్చుకుంటూ బెన్ వాలెస్‌ను, సాషా పావ్లోవిచ్‌ను ఫీనిక్స్ సన్స్‌కు పంపింది. వాలెస్ కాంట్రాక్టులో ఆఖరి ఏడాదికి 1.4 కోట్ల డాలర్లు మిగిలి ఉన్నాయి. ఆట మానేసే ఆలోచనలో ఉన్నానని ఆయన అప్పటికే చెప్పి ఉన్నారు. నిజంగానే కాగితాల మీద సంతకం చేసి ఇంటికి వెళ్లిపోయి ఉంటే ఫీనిక్స్‌కు ఆ 1.4 కోట్లూ మిగిలేవి, డాలరుకు డాలరు చొప్పున ఉన్న ఆనాటి లగ్జరీ టాక్స్ లెక్కలో అంతకంత కలిసివచ్చేది. కానీ హామీ ఉన్న జీతాన్ని ఊరికే వదులుకునే వారెవరు? చివరికి ఫీనిక్స్ దాదాపు కోటి డాలర్లు ఇచ్చి ఆయనను విడుదల చేసింది. ఆయన డెట్రాయిట్ చేరి 2012 వరకు ఆడారు. "రిటైరవుతానేమో" అనే మాటకు, లీగ్‌కు అందించే రిటైర్‌మెంట్ కాగితానికి మధ్య ఉన్న దూరం విలువ ఆ కోటి డాలర్లు అనుకోవచ్చు.

ప్రశ్న: వాలెస్‌కు కనీసం కాంట్రాక్టు ఉంది. ఏ జట్టులోనూ లేకుండా ఇంట్లో కూర్చున్న కీత్ వాన్ హార్న్‌ను 2008లో డల్లాస్ మావరిక్స్ ట్రేడ్ చేసిందని ఒక మిత్రుడు అంటున్నాడు. నేను నమ్మలేకపోతున్నాను.

జవాబు: మీ మిత్రుడి మాట నిజమే. ఈ విషయంలో నేను చూసిన అన్ని ఉదాహరణల్లోకీ ఇదే చమత్కారమైనది కనుక కాస్త తీరిగ్గా చెబుతాను.

డల్లాస్ ఆ ఫిబ్రవరిలో న్యూజెర్సీ నెట్స్ నుంచి జేసన్ కిడ్‌ను తెచ్చుకోవాలనుకుంది. కిడ్ జీతం ఆ ఏడాది సుమారు 1.97 కోట్ల డాలర్లు. మొదట కుదిరిన ఒప్పందంలో డెవిన్ హారిస్‌తో పాటు జెర్రీ స్టాక్‌హౌస్, డెవిన్ జార్జ్ పేర్లు కూడా ఉన్నాయి. రెండు చోట్లా చిక్కొచ్చిపడింది. ట్రేడ్ జరిగితే తన బర్డ్ హక్కులు పోతాయి కాబట్టి నిబంధనల ప్రకారం జార్జ్‌కు నిరాకరించే అధికారం ఉంది. ఆయన దాన్ని వాడుకున్నారు. స్టాక్‌హౌస్ ఏమో నెట్స్ తనను విడుదల చేశాక తిరిగి డల్లాస్‌కే వచ్చేస్తానని విలేకరుల ముందు అనేశారు. లోపల అందరికీ తెలిసినా పైకి అనకూడని మాట అది. దాంతో ఆయన పేరూ తీసేయాల్సి వచ్చింది.

తక్కెడలో ఇప్పుడు ఆ బరువు తగ్గింది. డల్లాస్ పాత పుస్తకాలు తిరగేసింది. వాన్ హార్న్ ఆఖరుగా 2006 ఫైనల్స్‌లో ఆ జట్టుకు ఆడారు, ఆ తర్వాత ఏ జట్టులోనూ చేరలేదు. అయితే ఆయన అధికారికంగా రిటైర్‌మెంట్ కాగితాలు ఇవ్వలేదు, డల్లాస్ కూడా ఆయనపై తనకున్న హక్కులను వదులుకోలేదు. హక్కులు ఉన్నాయి కాబట్టి పరిమితిని దాటి కూడా సంతకం చేయించవచ్చు. సంతకం చేయించిన వెంటనే ట్రేడ్‌లో పంపవచ్చు. ఆ సీజన్‌కు దాదాపు 43 లక్షల డాలర్ల జీతంతో ఒప్పందం రాసి, ఆయనను నెట్స్‌కు పంపారు. ట్రేడ్ ఫిబ్రవరి 19న పూర్తయింది. డల్లాస్ దాంతో పాటు రెండు మొదటి రౌండ్ పిక్‌లను, 30 లక్షల డాలర్ల నగదును కూడా ఇచ్చింది. వాన్ హార్న్ నెట్స్ తరఫున ఒక్క ఆట కూడా ఆడలేదు. బంతి ముట్టకుండా వచ్చిన ఆ ఆదాయాన్ని చూసి ఆనాడు చాలామంది మాజీ ఆటగాళ్లు తమ పాత జట్లకు ఫోన్ చేసి ఉంటారని నా అనుమానం.

దీనికి దాదాపు మూడు వారాల ముందే లాస్ ఏంజిలిస్ లేకర్స్ ఇదే పని చేసింది. మెంఫిస్ నుంచి పావ్ గసోల్‌ను తెచ్చుకోవడానికి ఆరన్ మెకీతో సంతకం చేయించి ట్రేడ్‌లో కలిపింది. మెకీ అప్పటికి ఫిలడెల్ఫియా జట్టులో స్వచ్ఛందంగా సహాయ కోచ్‌గా పనిచేస్తున్నారు. గసోల్ జీతం సుమారు 1.37 కోట్లు, అటు వెళ్తున్న క్వామే బ్రౌన్ జీతం సుమారు 91 లక్షలు. బ్రౌన్‌కు తోడు జావరిస్ క్రిటెంటన్ జీతం కలిపినా నిబంధన చెప్పిన అంకెకు కొద్దిగా తక్కువైంది. ఆ కొద్దిపాటి లోటు పూడ్చడానికే మెకీ. ఆ తర్వాత లేకర్స్ 2009, 2010 టైటిళ్లు గెలిచింది. మెంఫిస్‌ను లీగంతా ఎగతాళి చేసింది కానీ, అదే ట్రేడ్‌లో హక్కులు చేతులు మారిన పావ్ తమ్ముడు మార్క్ గసోల్ 2013లో ఉత్తమ డిఫెన్సివ్ ఆటగాడిగా ఎంపికయ్యాడు.

డల్లాస్ కథ అక్కడితో ఆగలేదు. 2010 జూలైలో ఎరిక్ డాంపియర్ కాంట్రాక్టును షార్లెట్‌కు పంపి టైసన్ చాండ్లర్‌ను తెచ్చుకుంది. డాంపియర్‌ది దాదాపు 1.3 కోట్ల డాలర్ల జీతం, అందులో హామీ ఉన్న భాగం సున్నా. ట్రేడ్ లెక్కలో మాత్రం మొత్తం అంకెను పరిగణించారు. షార్లెట్ అతన్ని విడుదల చేసి జీతం భారం మొత్తం తప్పించుకుంది. 2011లో డల్లాస్ టైటిల్ గెలిచినప్పుడు బంతి నడిపినది కిడ్, బాస్కెట్ కింద కాపు కాసినది చాండ్లర్. ఇద్దరూ వచ్చినది తీసుకున్న జట్టుకు ఒక్క ఆటా ఆడని మనుషుల కాంట్రాక్టుల బలంతోనే. దీన్ని కొందరు మోసం అంటారు. నాకు ఆ మాట ఒప్పుకోబుద్ధి కాదు. జీతాల అంకెలు సరితూగితేనే ట్రేడ్ చెల్లుతుందని లీగే నియమం పెట్టినప్పుడు, జట్లు ఆట చూసి కాకుండా అంకె చూసి మనిషిని వెతకడం సహజమే కదా.

ప్రశ్న: తీవ్రంగా గాయపడి ఆట మానేసిన వారి జీతాన్ని పరిమితి లెక్క నుంచి తీసేస్తారట. అలాంటప్పుడు ఆ కాంట్రాక్టును ట్రేడ్‌లో కొని, తర్వాత లెక్కలోంచి తీసేయించుకోవచ్చు కదా?

జవాబు: తెలివైన ఆలోచనే, కానీ లీగ్ ముందే అడ్డుకట్ట వేసింది. లీగ్, ఆటగాళ్ల సంఘం కలిసి ఎంచుకున్న వైద్యుడు ఇక ఆడలేడని నిర్ధారించాక జీతాన్ని లెక్కలోంచి తీసేయమని అడిగే హక్కు, గాయమైన నాటికి అతను ఏ జట్టులో ఉన్నాడో ఆ జట్టుకే ఉంటుంది. మధ్యలో కొనుక్కున్న వారికి ఉండదు. అయితే అటువంటి కాంట్రాక్టుకు బీమా ఉంటే, జీతంలో పెద్ద భాగం బీమా సంస్థే చెల్లిస్తుంది కాబట్టి తీసుకునే జట్టుకు ఖర్చు తక్కువ.

లెక్కలోంచి పోయిన జీతం తిరిగి రాదనుకుంటే పొరపాటు. పోర్ట్‌లాండ్ ట్రెయిల్ బ్లేజర్స్ మోకాలి గాయంతో ఉన్న డేరియస్ మైల్స్ జీతాన్ని 2008లో అలాగే తీయించుకుంది. మైల్స్ మాత్రం మళ్లీ బరిలోకి దిగి మెంఫిస్‌లో చేరాడు. ఆనాటి నిబంధన ప్రకారం పది ఆటలు ఆడితే ఏడాదికి 90 లక్షల చొప్పున రెండేళ్ల జీతం, మొత్తం 1.8 కోట్ల డాలర్లు, పోర్ట్‌లాండ్ ఖాతాలోకి తిరిగి వచ్చేస్తాయి. తమకు నష్టం చేయాలనే ఉద్దేశంతో అతన్ని తీసుకుంటే కోర్టుకు వెళ్తామని పోర్ట్‌లాండ్ మిగిలిన జట్లన్నింటికీ ఈ-మెయిల్ పంపింది. ఆటగాళ్ల సంఘం మండిపడింది. 2009 జనవరిలో మైల్స్ పదో ఆట ఆడనే ఆడాడు. లీగ్‌కు, ఆటగాళ్ల సంఘానికి మధ్య కుదిరిన తర్వాతి ఒప్పందాల్లో ఆ పదిని 25కు పెంచారు.

ప్రశ్న: ఈనాడు ఒక జట్టు వాన్ హార్న్ తరహా ట్రేడ్ చేయగలదా?

జవాబు: ఇప్పుడు కుదరదు. లీగ్, ఆటగాళ్ల సంఘం 2011లో కుదుర్చుకున్న ఒప్పందం ప్రకారం, సంతకం చేయించి ట్రేడ్‌లో పంపాలంటే ఆ ఆటగాడు అంతకు ముందరి సీజన్‌ను అదే జట్టులో ముగించి ఉండాలి. పైగా ఆ పని సీజన్ మొదటి ఆటకు ముందే జరగాలి. మెకీ, వాన్ హార్న్ ఇద్దరి దారీ దీంతో మూసుకుపోయింది. స్టాక్‌హౌస్ అనుకున్న తరహాలో, ట్రేడయిన జట్టు విడుదల చేశాక పాత జట్టుకు తిరిగిరావడాన్ని కూడా అప్పుడే ఆపారు. 2017 ఒప్పందం డాంపియర్ దారిని మూసింది: హామీ ఉన్న మొత్తాన్నే పంపే జట్టు లెక్కలో చూస్తారు. పాత నియమం కింద మిగిలిన జే.ఆర్. స్మిత్ కాంట్రాక్టును, అంటే దాదాపు 1.57 కోట్ల డాలర్ల జీతంలో 39 లక్షలకే హామీ ఉన్నదాన్ని, క్లీవ్‌లాండ్ 2019 జూలై దాకా అట్టే పెట్టుకున్నా కొనేవారు దొరక్క అతన్ని విడుదల చేసింది. 2023 ఒప్పందం మరింత బిగించింది: జీతాల మొత్తం 'రెండో ఏప్రన్' అనే గీత దాటిన జట్టు, ఇద్దరు ముగ్గురు ఆటగాళ్ల జీతాలను కలిపి ఒక పెద్ద జీతగాడిని తెచ్చుకునే వీల్లేదు. 2025-26కు ఆ గీత దాదాపు 20.78 కోట్ల డాలర్ల దగ్గర ఉంది.

ఇంత బిగించినా, హామీ ఉన్న కాంట్రాక్టుతో కెరీర్ చివరి దశలో ఉన్న ఆటగాడికి గిరాకీ పోలేదు. 2025 ఫిబ్రవరి మొదటి వారంలో 39 ఏళ్ల పీ.జే. టక్కర్ లాస్ ఏంజిలిస్ క్లిప్పర్స్ నుంచి యూటాకు, అక్కడి నుంచి మయామీకి, మయామీ నుంచి టొరంటోకు బదిలీ అయ్యాడు. అతని జీతం దాదాపు 1.15 కోట్ల డాలర్లు. కొత్తగా చేరిన ఆ మూడు జట్లలో దేని తరఫునా అతను ఒక్క నిమిషం కూడా కోర్టులో అడుగు పెట్టలేదు.