పెట్టె మీది పదిహేను లక్షల గంటలు కేసుకు నిలుస్తాయా?

సందేహం: నా కంప్యూటర్‌లోని ఎస్ఎస్‌డీ (చిప్‌లలో డేటా దాచే డ్రైవు) పద్నాలుగు నెలలకే ఉన్నట్టుండి ఆగిపోయింది. పెట్టె మీద సగటు ఆయుష్షు ‘15 లక్షల గంటలు’ అని ఉంది. వారంటీ ఐదేళ్లు లేదా డ్రైవులో మొత్తం 600 టెరాబైట్ల డేటా రాసేవరకు, ఏది ముందైతే అది. కంపెనీవారు మొదట ‘ఎక్కువ వాడి ఉంటారు’ అన్నారు. గట్టిగా అడిగితే బాగుచేసిన పాత డ్రైవు ఇస్తామంటున్నారు. పిల్లల ఫొటోలు, ఆరేళ్ల వ్యాపార లెక్కలు అందులోనే ఉన్నాయి. తప్పుడు ప్రకటన కింద నష్టపరిహారం కోరవచ్చా?

సమాధానం: ఆ 15 లక్షల గంటల జోలికి పోకండి. మీ కేసులో అన్నిటికంటే బలహీనమైన చోటు అదే. ఏళ్లలోకి మారిస్తే అది 171 ఏళ్లు. ఒక్క డ్రైవు అంతకాలం బతుకుతుందని దాని అర్థం కాదు. అది గుంపు లెక్క. వెయ్యి డ్రైవులు ఏడాదంతా ఆగకుండా నడిస్తే మొత్తం 87 లక్షల 60 వేల గంటలు. దాన్ని 15 లక్షలతో భాగిస్తే దాదాపు ఆరు. అంటే ఏటా వెయ్యింట ఆరు పోవచ్చని పెట్టె మీదే ఒప్పుకున్నట్టు. మీది ఆ ఆరింటిలో ఒకటని చెప్పి వారి వకీలు కూర్చుంటారు. మామూలు మనిషికి అర్థం కాని అంకెను అలా అచ్చువేయడం నాకు నచ్చదు, కానీ నా అయిష్టం వాదన కాదు కదా.

మీ బలమంతా ‘ఎక్కువ వాడి ఉంటారు’ అన్న మాటలో ఉంది. ‘ఉంటారు’ అంటే ఊహ. రోజుకు 30 గిగాబైట్లు రాసినా పద్నాలుగు నెలలకు 13 టెరాబైట్లు దాటవు. 600లో అది రెండు శాతం చిల్లర. ఎంత రాశారో డ్రైవు తనలోనే లెక్క పెట్టుకుంటుంది, దాన్నే స్మార్ట్ సమాచారం అంటారు. ఎప్పుడైనా ఆ తెరను ఫొటో తీసి ఉంటే వెతకండి. లేకపోయినా ఫరవాలేదు. ఆగిపోయిన డ్రైవును మీరు చదవలేరు. చదవగలిగితే తయారుచేసినవారే చదవగలరు. వారంటీలోని మినహాయింపు చూపి తప్పుకోవాలనుకున్నవారే దాన్ని రుజువు చేయాలన్నది సాధారణ సూత్రం. పరీక్ష నివేదిక ఇమ్మని రాతపూర్వకంగా అడగండి.

ఇంకొకటి. రాసి రాసి అరిగిపోయిన డ్రైవు చాలావరకు ముందే హెచ్చరికలు చూపిస్తుంది. చెప్పాపెట్టకుండా మాయమైతే అనుమానించాల్సింది డ్రైవును నడిపే చిప్ అయిన కంట్రోలర్‌ను, అందులోని సాఫ్ట్‌వేర్ అయిన ఫర్మ్‌వేర్‌ను. ఉదాహరణకు, క్రూషియల్ కంపెనీవారి ఎం4 ఎస్ఎస్‌డీలు సుమారు 5,184 గంటలు నడిచాక స్పందించడం మానేసేవి. ఫర్మ్‌వేర్‌లో తప్పుందని గుర్తించి 2012లో కంపెనీయే సవరణ విడుదల చేసింది. ఎంత రాశారన్నదానితో ఆ జబ్బుకు సంబంధమే లేదు. మీ మోడల్‌కు అలాంటి సవరణ ఏదైనా వచ్చిందేమో చూసి, ఆ ప్రకటనను కంపెనీకి పంపే నోటీసుకు జతచేయండి. తయారీ లోపానికి అంతకు మించిన కాగితం దొరకదు.

బాగుచేసిన డ్రైవు ఇవ్వడానికి చాలా వారంటీ పత్రాలు అనుమతిస్తాయి. అక్కడ పంతం వద్దు. మిగిలిన వారంటీ కొత్తగా ఇచ్చినదానికి వర్తిస్తుందని రాయించుకోండి, చాలు.

ఫొటోలు, లెక్కల విషయంలో మాత్రం ఆశ పెట్టుకోమని చెప్పలేను. డేటా నష్టానికి బాధ్యత లేదని దాదాపు ప్రతి వారంటీలో ఉంటుంది. ఆ షరతు అన్యాయమని వాదించవచ్చు గానీ, ‘మరో నకలు ఎందుకు ఉంచుకోలేదు?’ అన్న ప్రశ్నకు మీ దగ్గర జవాబు ఉండాలి. అందుకే డ్రైవును ఇప్పుడే అప్పగించకండి, ఇచ్చినది మళ్లీ చేతికి రాదు. ముందు డేటా వెలికితీసే ప్రయోగశాలకు చూపించండి. అక్కడ విప్పినంత మాత్రాన వారంటీ పోదని కంపెనీ నుంచి ఈమెయిల్ తెప్పించుకున్నాకే స్క్రూ ముట్టుకోనివ్వండి.