మూడేళ్ల తర్వాత ఊరొస్తారు, హెల్త్ పాలసీ మాత్రం ఈ సెలవుల్లోనే తీసుకోండి

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. చాలా ఏళ్లుగా దుబాయ్‌లో ఏసీ మెయింటెనెన్స్ కంపెనీలో సూపర్‌వైజర్‌గా చేస్తున్నాను. వయసు 41, జీతం 7,500 దిర్హామ్‌లు. భార్య, తొమ్మిదేళ్ల బాబు నాతోనే ఉంటున్నారు. కంపెనీ నాకు మాత్రమే ఇన్సూరెన్స్ ఇచ్చింది. వాళ్లిద్దరికీ వీసా పని అయిపోవాలని తక్కువలో దొరికిన పాలసీ తీశాను. మా ఆవిడకు థైరాయిడ్. స్పెషలిస్టు దగ్గరకు నేరుగా వెళ్తే బిల్లు రిజెక్ట్ చేశారు. ఊళ్లో నాన్నకు 68 ఏళ్లు, సుగర్, బీపీ ఉన్నాయి. అమ్మకు 63, మోకాళ్ల నొప్పులు. వాళ్లకు పాలసీ లేదు, బియ్యం కార్డూ లేదు. మూడేళ్లలో తిరిగి వచ్చేద్దామని అనుకుంటున్నాం. వచ్చాక అందరికీ కలిపి పాలసీ తీసుకోవచ్చు కదా? ఈలోగా అమ్మానాన్నలకు ఏదైనా వస్తే ఎన్ఆర్ఈ (ప్రవాసులు విదేశీ సంపాదన దాచుకునే ఖాతా) డిపాజిట్‌లో ఉన్న 9 లక్షల నుంచి తీసి పంపితే సరిపోదా?

జవాబు: సరిపోదు. వచ్చాక తీసుకోవచ్చులే అన్న ఆలోచనను ఈరోజే పక్కన పెట్టండి. గల్ఫ్ నుంచి వచ్చే ఉత్తరాల్లో నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఈ ఒక్క మాటే.

కారణం చెప్తాను. మన దగ్గర హెల్త్ పాలసీ తీసుకునేనాటికే ఉన్న జబ్బులకు వెయిటింగ్ పీరియడ్, అంటే ఆ జబ్బుల ఖర్చు కంపెనీ ఇవ్వని కాలం, ఉంటుంది. బీమా నియంత్రణ సంస్థ 2024 ఏప్రిల్‌లో దాని గరిష్ఠ పరిమితిని 48 నెలల నుంచి 36 నెలలకు తగ్గించింది. అంటే మూడేళ్లు. మీరు తిరిగి రావడానికి ఉన్నదీ మూడేళ్లే. ఇప్పుడు పాలసీ మొదలుపెడితే మీరు దుబాయ్‌లో పని చేసుకుంటూ ఉండగానే ఆ గడువు గడిచిపోతుంది. వచ్చాక మొదలుపెడితే 44 ఏళ్ల వయసులో, ఉద్యోగం లేని సమయంలో, ఆ మూడేళ్లూ మీ సొంత జేబు మీద గడపాలి. ఈలోగా మీకో మీ ఆవిడకో కొత్తగా ఏదైనా జబ్బు బయటపడితే ప్రీమియం పెరుగుతుంది, కొన్ని కంపెనీలు అసలు పాలసీయే ఇవ్వవు.

దుబాయ్‌లో ఇన్నేళ్లు ఇన్సూరెన్స్ ఉంది కదా, అది లెక్కలోకి రాదా అని చాలామంది అడుగుతారు. రాదు. పోర్టబిలిటీ, అంటే పాత పాలసీలో గడిచిన కాలాన్ని కొత్త కంపెనీ లెక్కలోకి తీసుకోవడం, ఇక్కడి కంపెనీల మధ్యే. వీసా రద్దయితే ఆ కార్డుతో మీ బంధం కూడా తెగిపోతుంది. ఉద్యోగం ఉన్నట్టుండి పోతే గ్రాట్యుటీ వస్తుంది, అక్కడి నిరుద్యోగ బీమా కింద బేసిక్‌లో 60 శాతం చొప్పున గరిష్ఠంగా మూడు నెలలు వస్తుంది. ఆ రెండూ డబ్బు రూపంలో వచ్చేవే. ఆసుపత్రి ఖర్చు వాటిలోంచి తీయాల్సి వస్తే అవి ఎన్నాళ్లు ఆగుతాయో మీకే తెలుసు.

ముందు దుబాయ్ సంగతి చూద్దాం, అది చిన్నది. అక్కడ 2013 నాటి చట్టం ప్రకారం ఉద్యోగి ఇన్సూరెన్స్ భారం యజమానిదే, మీ జీతంలోంచి కోయకూడదు. భార్యాబిడ్డల పాలసీ మాత్రం స్పాన్సర్‌గా మీ బాధ్యత. కనీస స్థాయి పాలసీకి ఏడాదికి లక్షన్నర దిర్హామ్‌ల పరిమితి ఉంటుంది. వినడానికి పెద్ద మొత్తమే. కానీ ఆ స్థాయి పాలసీల్లో స్పెషలిస్టును చూడాలంటే ముందు నెట్‌వర్క్‌లోని (ఇన్సూరెన్స్ కంపెనీతో ఒప్పందం ఉన్న) జనరల్ డాక్టర్ దగ్గరకు వెళ్లి రిఫరల్ రాయించుకోవాలి. మీ ఆవిడ బిల్లు ఆగింది చాలావరకు ఇందుకే అయ్యుంటుంది. రిజెక్షన్‌కు కారణం రాతపూర్వకంగా అడగండి. రిఫరల్ లేదన్నదే కారణమైతే ఆ బిల్లు వదిలేసి, ఈసారి జనరల్ డాక్టర్ నుంచి మొదలుపెట్టండి. పరీక్షలకు ముందస్తు అప్రూవల్ వచ్చాకే రక్తం ఇవ్వమనండి. థైరాయిడ్ ఉందని అప్లికేషన్‌లో రాశారా లేదా కూడా చూసుకోండి. రాయకపోతే అసలు సమస్య అక్కడే ఉండొచ్చు. వచ్చే రెన్యువల్‌లో ఒక మెట్టు పైనున్న నెట్‌వర్క్ ప్లాన్ తీసుకోండి. మీ జీతానికి అది మోయలేని భారం కాదు.

ఇక ఇక్కడ మీ ముగ్గురికీ ఒక ఫ్లోటర్ పాలసీ, అంటే ఇంట్లో అందరికీ కలిపి ఒకే పరిమితి ఉన్నది, 10 లక్షలకు. నా అంచనాలో ఏడాదికి 20 నుంచి 30 వేల మధ్య అవుతుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత హెల్త్ పాలసీల మీద జీఎస్టీ ఎత్తేశారు కాబట్టి పాత కొటేషన్లు చూసి భయపడకండి. ప్రవాస భారతీయుడినని, దుబాయ్‌లో ఉంటున్నానని ప్రపోజల్‌లో (పాలసీ దరఖాస్తులో) స్పష్టంగా రాయండి. మెడికల్ పరీక్ష అడిగితే అది ఇక్కడే చేయించుకోవాల్సి రావచ్చు. అందుకే సెలవులకు వచ్చే ముందే ఏజెంటుతో మాట్లాడి, దిగిన మొదటి వారంలోనే ఆ పని పెట్టుకోండి. పెళ్లిళ్లు, ప్రభలతీర్థం, చుట్టాలిళ్లు అంటూ తిరిగితే నెల ఇట్టే అయిపోతుంది, పాలసీ మళ్లీ వచ్చే ఏడాదికి పోతుంది. ప్రీమియం ఎన్ఆర్ఈ ఖాతా నుంచి కట్టొచ్చు. ఈ పాలసీ దాదాపుగా మన దేశంలో చికిత్సకే పనికొస్తుంది, దుబాయ్ కార్డుకు బదులు కాదు. అక్కడ ఉన్నన్నాళ్లూ రెండూ నడపాల్సిందే.

అమ్మానాన్నలను ఈ ఫ్లోటర్‌లో కలపొద్దు. ఫ్లోటర్ ప్రీమియం ఇంట్లో పెద్ద వయసును బట్టి లెక్కిస్తారు. నాన్నగారిని చేర్చితే మీ ముగ్గురికీ ప్రీమియం పెరుగుతుంది, ఆయన ఒక్కసారి ఆసుపత్రిలో చేరితే అందరి పరిమితీ కరిగిపోతుంది. వాళ్లిద్దరికీ వేరుగా తీసుకోండి.

68 ఏళ్లకు ఎవరిస్తారు అనుకోవద్దు. 65 దాటితే కొత్త పాలసీ ఇవ్వరన్న మాట 2024 ఏప్రిల్‌కు ముందుది. సీనియర్ సిటిజన్ల ప్రీమియాన్ని ఏడాదికి 10 శాతానికి మించి పెంచాలంటే కంపెనీలు నియంత్రణ సంస్థను సంప్రదించాలని 2025 జనవరిలో నిబంధన వచ్చింది. కాబట్టి ఏటా ఎంత పెరుగుతుందోనన్న టెన్షన్ కూడా కొంత తగ్గింది. అయినా చవక కాదు. ఇద్దరికీ కలిపి 5 లక్షల పాలసీకి, సుగర్, బీపీలతో, 60 వేలు దాటొచ్చు. కొన్ని పాలసీలు అదనపు ప్రీమియం తీసుకుని సుగర్, బీపీలను మొదటి 30 రోజుల తర్వాతి నుంచే కవర్ చేస్తాయి. నాన్నగారికి అలాంటిదే వెతకండి. అమ్మగారి మోకాళ్ల విషయంలో కీలు మార్పిడికి ఎన్ని నెలలు ఆగాలో పాలసీలో విడిగా రాసి ఉంటుంది, సాధారణంగా రెండేళ్ల నుంచి మూడేళ్లు. ఆపరేషన్ ఎప్పటికైనా తప్పదనుకుంటే ఇప్పుడు మొదలుపెట్టడానికి అదొక్కటే చాలినంత కారణం.

పాలసీ ఎంచుకునేటప్పుడు ప్రీమియం కంటే ముందు రూమ్ రెంట్ నిబంధన చదవండి. ఎందుకో లెక్కతో చూపిస్తాను. 5 లక్షల పాలసీలో గది అద్దె రోజుకు 1 శాతం, అంటే 5,000 అని ఉందనుకోండి. ఆసుపత్రిలో 8,000 గది మాత్రమే ఖాళీ ఉందన్నారు, ఆరు రోజులున్నారు. గది తేడా 18,000 మీరే కట్టాలి. చాలామంది అక్కడితో అయిపోయిందనుకుంటారు. కాదు. సర్జన్, మత్తు డాక్టర్, ఆపరేషన్ థియేటర్, నర్సింగ్ ఖర్చులు కలిపి 2,40,000 అయితే, వాటిని కూడా 5,000కు 8,000కు ఉన్న నిష్పత్తిలోనే ఇస్తారు. అంటే 1,50,000. మిగిలిన 90,000 మీది. మందులకు, శరీరంలో అమర్చే పరికరాలకు ఈ కోత వర్తించదు. మొత్తం మీద గది కారణంగా జేబులోంచి పోయేది 1,08,000. రూమ్ రెంట్ పరిమితి లేని పాలసీకి ఏడాదికి కొన్ని వేలు ఎక్కువైనా అదే తీసుకోమంటాను.

రెండోది, మన ప్రాంతం వాళ్లు తప్పకుండా చూడాల్సింది, జోన్. కొన్ని కంపెనీలు కోనసీమ చిరునామాకు తక్కువ ప్రీమియం తీసుకుంటాయి. కానీ అదే పాలసీతో హైదరాబాద్‌లో చేరితే బిల్లులో కొంత శాతం మీరే భరించాలని షరతు పెడతాయి. రాజోలు మనిషి చిన్న జబ్బుకు అమలాపురం వెళ్తాడు, లేదా చించినాడ వంతెన దాటి పాలకొల్లు, భీమవరం వెళ్తాడు. కొంచెం పెద్దదైతే కాకినాడో రాజమండ్రో. గుండె, కిడ్నీ, క్యాన్సర్ అనగానే విజయవాడ, విశాఖ, హైదరాబాద్. పెద్ద బిల్లు వచ్చేది ఆ చివరి దశలోనే, కోత పడేదీ అక్కడే. హైదరాబాద్‌లో కోత లేని పాలసీయేనా అని ఏజెంటును నోటితో అడిగి వదిలేయకండి, పాలసీ కాగితంలో ఆ లైన్ చూపించమనండి. పాలసీ చేతికొచ్చాక 30 రోజుల్లో నచ్చకపోతే వెనక్కిచ్చేయవచ్చు. ఆ నెలలో మొత్తం చదవండి.

సీనియర్ పాలసీల్లో 20 శాతం కో-పే ఉండటం మామూలే. 4 లక్షల బిల్లులో 80 వేలు మీరు కట్టాలన్నమాట. ప్రీమియం మోయలేనంత ఉంటే కో-పే ఉన్నదైనా తీసుకోండి, అసలు లేకపోవడం కంటే చాలా మేలు. నాన్నగారికి 70 నిండిన రోజున ఆయుష్మాన్ వయ వందన కార్డుకు దరఖాస్తు చేయండి. ఆదాయంతో, రేషన్ కార్డుతో సంబంధం లేకుండా 70 దాటిన వారికి ఏడాదికి 5 లక్షల వరకు చికిత్స ఉద్దేశించిన పథకం అది. ప్రైవేటు పాలసీ ఉన్నవారూ అర్హులే. ఏ ఆసుపత్రిలో చెల్లుతుందో చేరే ముందు అక్కడి ఆరోగ్యమిత్రను అడగాలి. దాన్ని నమ్ముకుని ఈ రెండేళ్లూ ఖాళీగా మాత్రం ఉండొద్దు.

ఇప్పుడు మీ 9 లక్షలు. అది ఊరొచ్చాక మొదటి ఏడాది ఇల్లు నడవాల్సిన డబ్బు, ఒక్క ఐసీయూ బిల్లుకు పోనివ్వకండి. అందులో 3 లక్షలు మాత్రం తీసి అమ్మానాన్నల ఉమ్మడి ఖాతాలో, ఇద్దరిలో ఎవరైనా తీసుకునేలా, డిపాజిట్ చేయండి. ఎన్ఆర్ఈ డిపాజిట్‌ను ఏడాది లోపే రద్దు చేస్తే వడ్డీ రాదు కనుక గడువు తీరే సమయం చూసుకుని ఈ పని చేయండి. క్యాష్‌లెస్ (బిల్లు కంపెనీయే నేరుగా ఆసుపత్రికి కట్టే పద్ధతి) ఉన్నా చేరేటప్పుడు అడ్వాన్స్ అడుగుతారు, కో-పే ఉంటుంది, పాలసీ ఇవ్వని గ్లౌజులు, సిరంజిల ఖర్చులుంటాయి. ఆ రాత్రి మీరు దుబాయ్‌లో ఫోన్ పట్టుకుని ఉంటే, ఊళ్లో వాళ్లు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తారు. ఏడాదికి 24 శాతం. కొబ్బరి దింపు డబ్బుతో తీరే అప్పు కాదది.

డబ్బు ఒక్కటే చాలదు, మనిషి కూడా కావాలి. ఇన్సూరెన్స్ డెస్క్ దగ్గర నిలబడేది మీరు కాదు, ఏ బాబాయి గారి అబ్బాయో. అతనికి పాలసీ కార్డు, అమ్మానాన్నల ఆధార్, సుగర్ మొదట బయటపడినప్పటి ప్రిస్క్రిప్షన్ ఇప్పుడే ఫోన్‌లో పంపించి ఉంచండి. దగ్గర్లోని నెట్‌వర్క్ ఆసుపత్రుల పేర్లు కాగితం మీద రాసి అమ్మగారి ఫ్రిజ్ మీద అంటించండి, ఆర్ఎంపీ డాక్టర్ చెప్పిన చోటికి కంగారులో వెళ్లిపోకుండా. ఎమర్జెన్సీలో చేరితే 24 గంటల్లోపు కంపెనీకి కబురు పెట్టడం అతని బాధ్యతే.

ఒక్క విషయం అతనికి గట్టిగా చెప్పండి. క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టర్ “సుగర్ ఎన్నాళ్లుగా?” అని అడుగుతారు. పక్కనున్న చుట్టం “ఎప్పట్నుంచో ఉందండీ, ఓ పదిహేనేళ్లు” అనేస్తాడు. అది కేస్ షీట్‌లో ఎక్కుతుంది. పాలసీలో ఏడేళ్లని రాసి ఉంటే కంపెనీ అక్కడ పట్టుకుంటుంది, క్లెయిమ్ ఆగుతుంది. తెలిసిన తేదీయే చెప్పాలి, తెలియకపోతే ప్రిస్క్రిప్షన్ చూపించాలి. అంతకంటే ముఖ్యం, ప్రపోజల్‌లో మీరు సుగర్, బీపీ, థైరాయిడ్, వాడుతున్న మాత్రలు అన్నీ దాచకుండా రాయడం. ఏజెంటు “రాయకపోతే ప్రీమియం తగ్గుతుంది సార్” అంటే ఏజెంటును మార్చండి. నిజం రాసి ఐదేళ్లు పాలసీని ఆపకుండా నడిపితే, ఆ తర్వాత ముందున్న జబ్బు చెప్పలేదన్న సాకుతో క్లెయిమ్ తిరస్కరించడానికి కంపెనీకి వీల్లేదు, మోసం నిరూపిస్తే తప్ప.

పన్ను మినహాయింపు కోసం మాత్రం దీన్ని లెక్క వేయొద్దు. హెల్త్ ప్రీమియం మీద మినహాయింపు ఇచ్చే 80డి సెక్షన్ పాత పన్ను విధానంలోనే ఉంది. మీకు ఇక్కడ ఉన్నది పన్ను పడని ఎన్ఆర్ఈ వడ్డీ, కొబ్బరి ఆదాయమే అయితే అది మీకు పెద్దగా ఉపయోగపడదు.

క్యాష్‌లెస్ అనుమతి అడిగిన గంటలోపు, డిశ్చార్జ్ సమయంలో తుది అనుమతి మూడు గంటల్లోపు ఇవ్వాలన్నది 2024 నుంచి ఉన్న నిబంధన. ఆలస్యమైతే డెస్క్ దగ్గర ఆ మాట చెప్పి అడగమనండి. క్లెయిమ్ తిరస్కరిస్తే ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయండి. నెలలో జవాబు రాకపోయినా, నచ్చకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు. ఆంధ్రప్రదేశ్ వాళ్లకు ఆ కార్యాలయమే. 50 లక్షల వరకు వివాదాలు చూస్తారు, ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు, దుబాయ్ నుంచి ఆన్‌లైన్‌లోనూ ఫిర్యాదు పెట్టొచ్చు.