పూలు పెట్టినా సీతాకోకచిలుకలు రావట్లేదా? ముందు ఆకులు తిననివ్వండి

ఇంటి ముందు పదడుగుల జాగాలో నర్సరీ నుంచి పూల మొక్కలు తెచ్చి పెట్టాం, లాన్ వేయించాం, గోడ వెంట కోనోకార్పస్ వరస కూడా పెట్టాం, ఏడాది దాటినా పిట్ట గానీ సీతాకోకచిలుక గానీ రావట్లేదు, ఏ దేశీ మొక్కలు పెట్టమంటారు అని అడిగారు. మాది హనుమకొండ శివారు. తొమ్మిదేళ్లుగా ఇంటి చుట్టూ ఇదే పని చేస్తున్నాను కాబట్టి నేను చూసింది చెప్తాను.

మీరు పూల గురించి ఆలోచిస్తున్నారు. అసలు సంగతి ఆకుల్లో ఉంది. సీతాకోకచిలుక తేనె ఎక్కడ దొరికితే అక్కడ తాగుతుంది, గుడ్లు మాత్రం తన పిల్లలు తినగలిగే ఆకు మీదే పెడుతుంది. ఆ ఆకు లేని ఇంటికి వచ్చినా కాసేపు వాలి వెళ్లిపోతుంది.

ఈ మాట నాకు మా కరివేపాకు చెట్టు దగ్గర తెలిసింది. మొదటి ఏడాది చిగుళ్లన్నీ ఎవరో కొరికేసినట్టు ఉన్నాయి. ఆకుల మీద నలుపూ తెలుపూ కలిసిన పిట్ట రెట్టలు కనిపించాయి. రెట్టలే అనుకున్నాను. అవి కదిలేసరికి భయమేసి పురుగుల మందు కొట్టించాను. మర్నాడు పొద్దున చెట్టు కింద ఆ పురుగులన్నీ చచ్చి పడున్నాయి, వాటి పక్కనే రెండు తేనెటీగలు కూడా. ఆకులు కుట్టి గూడు కట్టుకునే చిన్న పిట్ట ఒకటి రోజూ ఆ చెట్టు మీద అరిచేది. తర్వాత చాలా రోజులు దాని గొంతు వినపడలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది. అప్పటి నుంచి మా ఇంట్లో ఏ మందూ కొట్టలేదు.

మరుసటి వానాకాలం వాటిని వదిలేసి రోజూ చూస్తూ వచ్చాను. రెట్టలా ఉన్న పురుగు పెద్దదయ్యాక నిగనిగలాడే ఆకుపచ్చ రంగుకి మారింది. గడ్డిపోచతో తాకితే తల వెనక నుంచి రెండు పాయల ఎర్రటి కొమ్ము బయటికి తీసి ఘాటైన వాసన వదిలింది. కొన్నాళ్లకి ఒక పుల్ల మీద, నడుముకి సన్నటి పట్టుదారం కట్టుకుని ప్యూపాగా, అంటే రెక్కలొచ్చే ముందు కదలకుండా ఉండే దశకి మారింది. పదకొండో రోజు పొద్దున చూస్తే సీతాకోకచిలుక తడి రెక్కలతో వేలాడుతోంది. నల్లటి రెక్కలు, వెనక రెక్కల మీద తెల్లటి చుక్కల వరస. అది కామన్ మార్మన్ అనే జాతిలో మగది. వీటిలో కొన్ని ఆడవి ఎర్రటి మచ్చలతో, అచ్చం కామన్ రోజ్ అనే ఇంకో జాతిలా ఉంటాయి. ఆ కామన్ రోజ్ పురుగు ఈశ్వరి తీగ ఆకులు తిని ఆ విషాన్ని ఒంట్లో దాచుకుంటుంది కాబట్టి దాన్ని పిట్టలు ముట్టుకోవు. విషం లేని మార్మన్ ఆ వేషం వేసుకుని బతుకుతుంది. ఈశ్వరి తీగ కూడా పెట్టండి, ఫెన్సింగ్ మీదికి చక్కగా పాకుతుంది. ఒక్క జాగ్రత్త: అది కిడ్నీలని దెబ్బతీసే మొక్క, మందు అని ఎవరు చెప్పినా నోట్లో పెట్టుకోకండి.

ఇక తంగేడు. 2014లో తెలంగాణ రాష్ట్ర పుష్పంగా ప్రకటించారు, అయినా నేను తిరిగిన నాలుగు నర్సరీల్లో ఒక్క మొక్క దొరకలేదు. చిన్నప్పుడు బతుకమ్మకి పువ్వు కోయాలంటే ఇల్లు దాటితే చాలు, గుట్ట పొడవునా పసుపే. ఇప్పుడు ఆ గుట్ట పక్కనంతా ప్లాట్లు. పండగకి తంగేడు కొనుక్కోవాల్సి వచ్చిన ఏడాది నేను ఊరికెళ్లి గింజలు తెచ్చుకున్నాను. గింజ పొట్టు గట్టిది, వేడి నీళ్లలో రాత్రంతా నానబెట్టి, తొలి వానలకి నేరుగా నేలలోనే వేశాను. కుండీలో పెంచి తర్వాత నాటితే తల్లివేరు దెబ్బతింటుంది. మొదటి ఏడాది కొంచెం నీళ్లు పోశాను, ఆ తర్వాత దాని దారి అదే చూసుకుంది.

తంగేడు పువ్వు దగ్గర ఒక పొద్దున కూర్చుని చూడండి. ఆ పువ్వులో తేనె ఉండదు, పుప్పొడే ఉంటుంది. అదీ ఊరికే రాలదు. నల్లటి పెద్ద తుమ్మెద వచ్చి పువ్వుని పట్టుకుని, గుయ్యిమని ఒళ్లంతా అదిరిస్తుంది. ఆ అదురుకి పుప్పొడి దాని పొట్ట మీద పడుతుంది. రెండు నిమిషాల్లో పది పూలు తిరిగేస్తుంది. ఆ తుమ్మెద గూడు ఎండు కర్రలో తొలుచుకున్న రంధ్రం, అందుకే నేను ఒక పాత దుంగ, నాలుగు వెదురు ముక్కలు గోడ వారగా వదిలేశాను. ఆకుల మీదేమో లేత పచ్చ ఛాయ ఉన్న తెల్ల సీతాకోకచిలుకలు గుడ్లు పెడతాయి. రేల చెట్టుకీ ఇవే వస్తాయి.

ఇంకేం పెట్టాలో కొత్తగా వెతకక్కర్లేదు, వినాయక చవితి పత్రి గుర్తు తెచ్చుకోండి. మారేడు మీద నిమ్మ సీతాకోకచిలుక పెరుగుతుంది, జిల్లేడు మీద ప్లెయిన్ టైగర్, రేగు మీద తెలుపూ నలుపూ చుక్కల కామన్ పియరో, రావి, గన్నేరు మీద కామన్ క్రో. ఇవన్నీ సీతాకోకచిలుకలే. వావిలి పూస్తే తేనెటీగల హోరు. ఇరవై ఒక్క పత్రాలూ ఇక్కడివే అనను, దానిమ్మ బయటి నుంచి వచ్చిందే. కానీ ఏటా చేత్తో పట్టుకుంటున్న ఆకులు ఇన్ని ప్రాణాలకి తిండి అని తెలిశాక నాకు ఆ పూజ మీద ప్రేమ ఇంకా పెరిగింది. మీ పదడుగుల జాగాలో కరివేపాకు, తంగేడు, వావిలి పడతాయి. రావి మాత్రం ఇంటి గోడ దగ్గర వద్దు, పునాది పగిలిపోతుంది. జిల్లేడు గేటు బయట చాలు, పాలు కంట్లో పడకుండా చూసుకోండి.

పిట్టలు వేరే పని అనుకోకండి. పిచ్చుక గింజలు తింటుంది, పిల్లలకి మాత్రం పురుగులే పెడుతుంది. పూల చుట్టూ తిరిగే తేనెపిట్ట కూడా అంతే, పిల్లల కోసం సాలీళ్లని ఏరుకుపోతుంది, గూడు కట్టడానికి ఆ సాలెగూళ్లే వాడుతుంది. పురుగు లేని తోటలో పిట్ట పిల్లలని పెంచలేదు.

కోనోకార్పస్ వరస తీసేసి అడ్డసరం, వావిలి కలిపి పెట్టండి, మేకలు ముట్టుకోవు. నర్సరీ వాళ్లు సీతాకోకచిలుకలు వస్తాయని లాంటానా అంటగడతారు. తేనెకి వస్తాయి, నిజమే, కానీ అది అమెరికా ఖండం నుంచి వచ్చి మన అడవుల కింద మొలకని లేవనివ్వకుండా పరుచుకున్న మొక్క. దాని పళ్లు తిన్న పిట్టలు ఇంకా దూరం మోసుకెళ్తాయి. పెట్టకండి. నీళ్లకి మట్టి మూకుడు చాలు, దోమలు పెట్టకుండా రోజూ మార్చండి. రాలిన ఆకులు తగలబెట్టకండి.

పాములొస్తాయని పక్కింటివాళ్లు టెన్షన్ పడతారు. మా దగ్గరా పడ్డారు. పాము ఎలకల కోసం వస్తుంది. ఇటుకలు, రాళ్లు గుట్టలుగా పోయకండి, చెత్త, తిండి మిగులు బయట ఉంచకండి, గుమ్మం చుట్టూ నాలుగడుగులు ఖాళీగా పెట్టుకోండి. మా పక్కింటావిడ పోయినేడు తనే వచ్చి తంగేడు గింజలు అడిగి తీసుకెళ్లింది.

సంక్రాంతి దాటాక ఊరివైపు వెళ్తే తంగేడు కాయలు ఎండి ఉంటాయి. ఒక పొద నుంచి గుప్పెడే కోసుకోండి, మిగతావి అక్కడే రాలనివ్వండి. కరివేపాకు పిలక మాత్రం ఇప్పుడే పెట్టండి, పెరిగాక వంటకి ఒకవైపు కొమ్మలు కోసుకుని, ఇంకోవైపు పురుగులకి వదిలేయండి. మా ఇంట్లో రోడ్డు వైపు కొమ్మలు వాటివి.