వేగాన్ని బట్టి మారే డిస్క్రిప్టర్

ప్రశ్న: మా కళాశాల ప్రయోగశాలలో ఒక యూఎస్‌బీ 3 హబ్‌ను లినక్స్ కంప్యూటరుకు నేరుగా తగిలించి ‘ఎల్‌ఎస్‌యూఎస్‌బీ’ ఆదేశంతో చూస్తే రెండు హబ్‌లు కనిపించాయి. వాటిలో యూఎస్‌బీ 2 హబ్ తన ప్రోటోకాల్ 2 అనీ, ఇంటర్వల్ 12 అనీ చెప్పింది. అదే హబ్‌ను 12 మెగాబిట్ల ఐసొలేటర్ (రెండు వైపుల విద్యుత్తు కలవకుండా విడదీసే పరికరం) గుండా కలిపితే ఒక్క హబ్బే కనిపించింది; ప్రోటోకాల్ 0 అయింది, ఇంటర్వల్ 255 అయింది. హబ్ పాడైందా, లేక నకిలీదా?
– ఒక ఇంజనీరింగ్ విద్యార్థి

జవాబు: మీరు రాసిన వివరాలను బట్టి హబ్ పాడవలేదు, దానిని నకిలీదని అనుమానించడానికీ ఆధారం లేదు. డిస్క్రిప్టర్లు అనే, పరికరం తన గురించి కంప్యూటరుకు చెప్పుకునే సమాచారాన్ని డబ్బా మీది చీటీలాగా ఎప్పటికీ మారనిదిగా భావించడం వల్లనే ఈ సందేహం కలుగుతుంది. అందులోని కొన్ని అంకెలు, ఆ క్షణాన హబ్ ఏ వేగంలో నడుస్తున్నదో దానికి మాత్రమే వర్తిస్తాయి.

యూఎస్‌బీ 2 హబ్ మొదట ఫుల్ స్పీడ్ పరికరంగానే, అంటే సెకనుకు 12 మెగాబిట్ల పరికరంగానే కంప్యూటరుకు పరిచయమవుతుంది. రీసెట్ సమయంలో అది ‘చిర్ప్’ అనే సంకేతం పంపి, అవతలి నుంచి తగిన బదులు వస్తేనే 480 మెగాబిట్ల హై స్పీడ్‌కు మారుతుంది. మీ ఐసొలేటర్ ఆ సంకేతాన్ని దాటనివ్వదు కనుక హబ్ ఫుల్ స్పీడ్‌లోనే ఉండిపోయింది.

ఇక ప్రోటోకాల్ సంగతి. హై స్పీడ్‌లో నడిచే హబ్, తన కింద తగిలించిన నిదాన పరికరాల కోసం వేగాన్ని మార్చి అందించాలి. ఆ పని చేసే భాగాన్ని ట్రాన్సాక్షన్ ట్రాన్స్‌లేటర్ అంటారు. అన్ని పోర్టులకూ కలిపి అలాంటిది ఒక్కటే ఉంటే ప్రోటోకాల్ 1, పోర్టుకొకటి ఉంటే 2. హబ్బే ఫుల్ స్పీడ్‌లో నడుస్తున్నప్పుడు మార్చవలసిన వేగమేదీ లేదు కాబట్టి 0 అని చెప్పడమే సరైన జవాబు. పాత కంప్యూటరులో ఈ 0 ను చూసి మంచి హబ్‌లను పక్కన పడేసినవారున్నారు; అది అన్యాయం.

ఇంటర్వల్ విషయంలో 12 ను, 255 ను పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. ఫుల్ స్పీడ్‌లో ఆ అంకె నేరుగా మిల్లీసెకన్లను తెలుపుతుంది: 255. హై స్పీడ్‌లో అది రెండు యొక్క ఘాతాన్ని సూచిస్తుంది: 12లో ఒకటి తగ్గించి, రెండును పదకొండుసార్లు గుణిస్తే 2048, దానిని 125 మైక్రోసెకన్లతో హెచ్చిస్తే 256 మిల్లీసెకన్లు. అంటే ఏ పోర్టులోనైనా మార్పు జరిగిందా అని హబ్‌ను అడిగే వ్యవధి రెండు సందర్భాలలోనూ దాదాపు ఒకటే.

రెండో హబ్ మాయమవడానికి కారణం సులువైనది. 2008లో వచ్చిన యూఎస్‌బీ 3.0 ప్రకారం ఒకే పెట్టెలో యూఎస్‌బీ 2 హబ్, సూపర్ స్పీడ్ హబ్ విడివిడిగా ఉండి, వేర్వేరు తీగల మీద ఒకేసారి పని చేస్తాయి. మీ ఐసొలేటర్‌లో సూపర్ స్పీడ్ తీగలు లేవు. నేరుగా తగిలించినప్పుడు ఆ రెండో హబ్‌ను కూడా పరిశీలించండి: దాని ప్రోటోకాల్ 3, గరిష్ఠ ప్యాకెట్ పరిమాణం 9 అని ఉంటుంది. అది తొమ్మిది బైట్లు కాదు, రెండు యొక్క తొమ్మిదో ఘాతం, అంటే 512 బైట్లు.

ఐసొలేటర్ తీయకుండానే హబ్ అసలు సామర్థ్యం తెలుసుకునే మార్గం ఒకటుంది. ‘డివైస్ క్వాలిఫయర్’ అనే 10 బైట్ల డిస్క్రిప్టర్, వేరే వేగంలో నడిస్తే హబ్ ఏమని చెప్పేదో తెలుపుతుంది. మీరు వాడిన ‘ఎల్‌ఎస్‌యూఎస్‌బీ’ ఆదేశాన్నే ‘మైనస్ వి’ (-v) చేర్చి, సుడో (నిర్వాహకుని) అధికారంతో నడిపితే, ఫుల్ స్పీడ్‌లో ఉన్న మీ హబ్ కూడా ఆ భాగంలో ప్రోటోకాల్ 2 అనే చూపించాలి. కేవలం ఫుల్ స్పీడ్‌కే తయారైన హబ్ అయితే ఆ ప్రశ్నను తిరస్కరిస్తుంది.