గేదెకు పుల్లరి ఎంత?

ప్రశ్న: మాది గోదావరి పాయ పక్కన ఊరు. లంకలో ఉన్న మేత పోరంబోకులో ఇన్నాళ్లూ ఎవరి గేదెల్ని వాళ్లం తోలుకున్నాం. ఇప్పుడు పంచాయతీ వాళ్లు ఏడాదికి పాట పెడతామంటున్నారు, పాడుకున్నాయన ఎంతంటే అంత కట్టాలట. నాకున్నవి రెండు గేదెలు. అమెరికాలోనూ ప్రభుత్వ భూమిలో మేతకి డబ్బు కడతారని మా మేనల్లుడు చెప్పాడు. ఎంత పెడితే న్యాయం?
– ఒక పాడి రైతు, కోనసీమ

జవాబు: పాటకి మాత్రం ఒప్పుకోకండి. పాడుకున్నాయన పెట్టిన డబ్బు రాబట్టుకోవాలి కాబట్టి ఎన్ని పశువులొస్తే అన్నిటినీ తోలించేస్తాడు, ఏడాదికి దిగిపోయేవాడికి గడ్డి మళ్లీ మొలిస్తే ఎంత, మొలవకపోతే ఎంత?

మీ మేనల్లుడు చెప్పింది నిజమే. అక్కడ ఒక ఆవు, దాని దూడ కలిపి నెల రోజులు తినే మేతని ఒక యూనిట్ అంటారు. గొర్రెలో మేకలో అయితే ఐదింటికి ఒక యూనిట్. యూనిట్‌కి 1.23 డాలర్లు మొదలుగా పెట్టుకుని, ప్రైవేటు బీళ్ల కౌలు, పశువుల ధర, పెంపకం ఖర్చు చూసి రేటు ఏటా సవరిస్తారు. 1.35 డాలర్ల కంటే తగ్గకూడదని 1986లో హద్దు పెట్టారు. ఇది మరీ చవకని అక్కడా ఎప్పుడూ గొడవే. ఆ రేటుతో మనకి పని లేదు గానీ, తలకి, నెలకి లెక్కగట్టే ఆ పద్ధతి మీకు బాగా పనికొస్తుంది. పాలు తాగే దూడకి ఏమీ అడక్కూడదు. మీ ఊళ్లో పచ్చగడ్డి మోపు ఎంత పలుకుతోందో, పాల రేటు ఎంతుందో చూసి, అందులో కొద్ది భాగమే పుల్లరిగా, అంటే మేత పన్నుగా, పెట్టమనండి.

పుల్లరి అనగానే పల్నాడులో అడవి మేతకి పన్ను కట్టనన్నందుకు ప్రాణం పోగొట్టుకున్న కన్నెగంటి హనుమంతు గుర్తొస్తాడు. ఎవరికి కడుతున్నామో, ఎందుకు కడుతున్నామో తెలియని పన్నుని జనం ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. అందుకే వసూలైన ప్రతి రూపాయీ ఆ బీడు మీదే, నీళ్ల తొట్టికో ముళ్లకంపలు కొట్టించడానికో పెట్టాలి.

రేటు కంటే ముఖ్యం ఎన్ని తలలు, ఎప్పటినుంచి అన్నది. వరద తీశాక ఒండ్రు మీద లేచిన లేత గడ్డిని గుప్పెడు పట్టి లాగి చూడండి. వేరుతో సహా ఊడొస్తే ఇంకా గేదెల్ని వదలకూడదు, మధ్యలో తెగితే వదలొచ్చు.

ఇంకో మాట, ఆ భూమి అడంగల్‌లో, అంటే ఊరి భూముల రికార్డులో, ఎలా రాసుందో ముందు చూడండి. మేత పోరంబోకు అయితే పంచాయతీ చేతిలోదే, కాబట్టి గ్రామసభలో పెట్టమని మీలాంటి పదిమంది సంతకాలతో అర్జీ ఇవ్వండి. అందులో కాలవ గట్టు కూడా ఉంటే అది ఇరిగేషన్ వాళ్లది, ఆ ముక్కకి పంచాయతీ ఏ అధికారంతో పాట పెడుతోందో రాతపూర్వకంగా అడగండి.